ఇంటి వెనక స్థలానికి రీజోనింగ్ నోటీసు వచ్చింది. సిటీ ఎలా నిర్ణయిస్తుంది? మన మాట ఎంతవరకు చెల్లుతుంది?

మీరు అడిగింది ఇదీ: టెక్సస్‌లో మీ ఇంటి వెనక ఖాళీ స్థలాన్ని సింగిల్ ఫ్యామిలీ జోన్ (విడివిడి ఇళ్ళే కట్టనిచ్చేది) నుంచి టౌన్‌హోమ్స్‌కి (గోడలు కలిసిన వరస ఇళ్ళకి) మార్చమని డెవలపర్ దరఖాస్తు పెట్టాడు. ఏ స్థలంలో ఏం కట్టొచ్చో సిటీ పెట్టే నియమం జోనింగ్, దాన్ని మార్చడమే రీజోనింగ్. ఆ సంగతి చెబుతూ సిటీ నుంచి మీకు ఉత్తరం వచ్చింది. హియరింగ్‌కి కాలనీ వాళ్ళందరూ కలిసి వెళ్ళి వద్దంటే ఆగుతుందా? రాతపూర్వకంగా ప్రొటెస్ట్ ఇస్తే? కౌన్సిల్ సభ్యులకు ముందుగా ఫోన్ చెయ్యొచ్చా?

ఆగొచ్చు గానీ, అంత సులువుగా ఆగదు. ఇక్కడే ఒక సబర్బ్‌లో ప్లానింగ్ అండ్ జోనింగ్ కమిషన్‌లో కొన్నేళ్ళు సభ్యుడిగా ఉన్నాను. కౌన్సిల్ నియమించే పదవి అది, జీతం ఉండదు. అక్కడ కూర్చుని నేను చూసిందేమిటంటే, హియరింగ్ రోజుకి సగం పైగా కథ నడిచిపోయి ఉంటుంది. మిగిలిన సగంలో మీరు గెలవగలిగేది ఎక్కువగా షరతుల దగ్గరే.

దరఖాస్తు మొదట ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌కి వస్తుంది. కేసుని ఒక ప్లానర్ చూస్తాడు. రోడ్లు, నీళ్ళు, డ్రైనేజీ, ఫైర్ వాళ్ళు ఎవరి అభ్యంతరాలు వాళ్ళు రాసి పంపుతారు, డెవలపర్ దిద్ది మళ్ళీ ఇస్తాడు. ఇది నెలల తరబడి నడుస్తుంది. మీకు ఉత్తరం వచ్చేసరికి ఈ తంతు చాలావరకు అయిపోయి ఉంటుంది. టెక్సస్ చట్టం ప్రకారం 200 అడుగుల లోపు స్థలాల యజమానులకు, కమిషన్ హియరింగ్‌కి పది రోజుల ముందే ఆ ఉత్తరం పంపాలి. అంతకన్నా ముందుగా పంపమని చట్టం అడగదు. కమిషన్ చేసేది సిఫారసే. చివరి ఓటు సిటీ కౌన్సిల్‌ది, దాని కోసం మరో హియరింగ్ ఉంటుంది. కమిషన్ వద్దన్నదాన్ని కౌన్సిల్ అవునని తేల్చిన సందర్భాలు నేనే చూశాను. కొన్ని సిటీల్లో మాత్రం కమిషన్ తిరస్కరిస్తే దాన్ని దాటడానికి కౌన్సిల్‌లో నాలుగింట మూడొంతుల ఓట్లు కావాలన్న నియమం ఉంటుంది. మీ సిటీలో ఉందో లేదో కనుక్కోండి.

స్టాఫ్ రిపోర్ట్ (కేసు మీద ప్లానర్ రాసే నివేదిక) చేతికి రాగానే నేను మొదట తెరిచేది ఫ్యూచర్ లాండ్ యూజ్ మ్యాప్, అంటే ముందుముందు ఏ స్థలాన్ని దేనికి వాడాలో చూపే పటం. సిటీ పదిహేను ఇరవయ్యేళ్ళ ముందుచూపుతో కాంప్రహెన్సివ్ ప్లాన్ వేసుకుంటుంది, ఆ మ్యాప్ అందులో భాగం. మీ వెనక స్థలం అందులో మీడియం డెన్సిటీ (ఎకరానికి ఓ మోస్తరుగా ఎక్కువ ఇళ్ళు) అని ఉంటే, దరఖాస్తుదారు పని సగం అయినట్టే. లో డెన్సిటీ అని ఉంటే మార్పు ఎందుకో అతనే సమర్థించుకోవాలి. విచిత్రం ఏమిటంటే ఆ ప్లాన్ వేసేటప్పుడు జరిగే మీటింగుల్లో కుర్చీలు ఖాళీగా ఉంటాయి. అదే మ్యాప్ ఆధారంగా కేసు వచ్చిన రోజు హాలు కిక్కిరిసిపోతుంది.

ఇంకో సంగతి చాలామందికి అర్థం కాదు. డెవలపర్ చూపించే రంగుల బొమ్మ మీద కమిషన్ ఓటెయ్యదు, వెయ్యకూడదు కూడా. జోనింగ్ స్థలానికి అంటుకుంటుంది, మనిషికి కాదు. ఇవాళ మార్పు తెచ్చుకున్నవాడు రేపు అమ్మేస్తే, కొన్నవాడు ఆ జోన్‌లో కట్టనిచ్చేది ఏదైనా కట్టుకోవచ్చు. కాబట్టి పోడియం దగ్గర ఆయన నోటితో ఇచ్చే మాటలకు విలువ లేదు. ఆ మాట ఆర్డినెన్స్‌లోకి, అంటే సిటీ చేసే చట్టంలోకి, ఎక్కాలంటే దరఖాస్తు ప్లాన్డ్ డెవలప్‌మెంట్ (పీడీ) రూపంలో ఉండాలి. అందులో ఎత్తు, కంచె, చెట్లు, గేటు ఎటువైపు అన్నీ రాతపూర్వకంగా ఉంటాయి. మీ ఉత్తరంలో పీడీ అన్న మాట ఉందేమో ఇప్పుడే చూడండి. ఉంటే బేరానికి చోటుంది. మామూలు జోన్ మార్పు అయితే కట్టబోయేదాని మీద మీ పట్టు చాలా తక్కువ.

ఇక ఏ వాదన పనిచేస్తుంది, ఏది చెయ్యదు. ఇళ్ళ ధరలు పడిపోతాయనేది ప్రతి హియరింగ్‌లోనూ వినిపిస్తుంది. రుజువు లేకపోతే అది గాలిలో కలిసిపోతుంది. ట్రాఫిక్ అంటారు, కానీ ట్రాఫిక్ స్టడీ రోడ్డు తట్టుకుంటుందని చెప్పాక ‘మాకు అలా అనిపించడం లేదు’ అంటే చాలదు. స్కూళ్ళు నిండిపోతాయంటారు. స్కూల్ డిస్ట్రిక్ట్ సిటీ చేతిలో ఉండదు, అది వేరే సంస్థ. దాని నుంచి రాతపూర్వకంగా ఏదైనా వస్తే మేము చదివేవాళ్ళం, లేకపోతే లేదు.

అన్నిటికన్నా చేటు చేసేది ‘రెంటర్లు వస్తారు, ఎలాంటి మనుషులో ఏమో’ అన్న మాట. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం జాతి, మతం, పుట్టిన దేశం లాంటివి చూసి ఇళ్ళను అడ్డుకోనివ్వదు. 1985లో టెక్సస్‌లోని క్లీబర్న్ అనే ఊరి కేసులో, మేధోపరమైన వైకల్యం ఉన్నవాళ్ళ కోసం పెట్టే ఇంటికి ప్రత్యేక అనుమతి కావాలని సిటీ పట్టుబడితే, ఇరుగుపొరుగు భయాలు, అయిష్టం దానికి తగిన ఆధారం కావని సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే అలాంటి మాట రికార్డులోకి ఎక్కితే సిటీ అటార్నీ ఇబ్బందిగా కదులుతాడు, మీ తరఫున ఓటెయ్యాలనుకున్నవాడు కూడా జంకుతాడు. మనవాళ్ళ నోటా ఇది విన్నాను. ఈ దేశానికి వచ్చిన కొత్తలో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉండనివాళ్ళు మనలో ఎంతమందని?

పనిచేసినదానికి ఒక ఉదాహరణ. మీలాంటి కేసే, హాలు నిండా జనం, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. అందరూ ట్రాఫిక్ గురించే మాట్లాడారు. ఒకావిడ మాత్రం వాన పడ్డప్పుడల్లా తమ వెనక కంచె కింద నీళ్ళు నిలిచిన ఫొటోలు తేదీలతో సహా తెచ్చింది. సిటీ ఇంజనీర్‌ని అడిగితే ఆయన తడబడ్డాడు. కేసు వాయిదా పడింది. తిరిగి వచ్చేసరికి డిటెన్షన్ పాండ్ (వాన నీటిని నిలిపే గుంట) పెద్దదైంది, కంచె పక్క ఇళ్ళ వరస ఒకే అంతస్తుకి దిగింది. చివరికి ఆమోదించమనే మేము సిఫారసు చేశాం. కాలనీవాళ్ళు ఓడిపోయామనుకుంటూ వెళ్ళారు. నా దృష్టిలో మాత్రం ఆ కేసులో దక్కేదంతా వాళ్ళకి దక్కింది.

రాతపూర్వక ప్రొటెస్ట్ గురించి కూడా అడిగారు. మార్చబోయే స్థలంలో గానీ, దాని చుట్టూ 200 అడుగుల్లో గానీ 20 శాతం విస్తీర్ణం ఉన్న యజమానులు సంతకం పెడితే, మార్పు నెగ్గడానికి కౌన్సిల్ మొత్తం సభ్యుల్లో నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలి. ఏడుగురి కౌన్సిల్‌లో అది ఆరు ఓట్లు. ఇక్కడ లెక్క విస్తీర్ణంది, తలలది కాదు. నాలుగు వీధుల అవతల ఉన్నవాళ్ళు వాట్సాప్‌లో పెట్టిన సంతకాలు ఈ లెక్కలోకి రావు. అయితే 2025లో టెక్సస్ చట్టం మారింది. ఇళ్ళ సంఖ్య పెంచే మార్పులకు, చుట్టుపక్కల యజమానుల విషయంలో ఆ 20 శాతం కాస్తా 60 అయింది, అంత వచ్చినా కౌన్సిల్‌లో మామూలు మెజారిటీ చాలు. మీ కేసు ఆ కోవలోకే వచ్చేలా ఉంది కాబట్టి ప్రొటెస్ట్ మీద పెద్ద ఆశలు పెట్టుకోవద్దు. అదే ఏడాది మరో చట్టం పెద్ద సిటీల్లో కమర్షియల్ స్థలాల్లో అపార్ట్‌మెంట్లకు రీజోనింగే అక్కర్లేకుండా చేసింది. రాష్ట్రం మారితే ఇవన్నీ మారతాయి. నార్త్ కరోలినా అయితే 2015లో ఇలాంటి ప్రొటెస్ట్ పిటిషన్లనే తీసేసింది.

కౌన్సిల్ సభ్యులకు ముందుగా ఫోన్ చెయ్యొచ్చా అంటే, టెక్సస్‌లో చెయ్యొచ్చు. ఇక్కడ రీజోనింగ్ అంటే చట్టం చెయ్యడం కింద లెక్క. ఒరెగాన్‌లో 1973 నాటి ఫసానో తీర్పు తర్వాత చిన్న స్థలాల కేసులను కోర్టు విచారణలా చూస్తారు, అక్కడ చాటు మాటలు కుదరవు. మీరు మాత్రం మొహమాటపడకుండా కాఫీకి పిలవండి. ఎన్నికలు దగ్గర్లో ఉంటే ఇంకా శ్రద్ధగా వింటారు, ఇందులో దాపరికం ఏముంది.

ఒకే ఈమెయిల్‌ని అందరూ కాపీ చేసి పంపకండి, మేము వాటిని ఒకటిగానే చదివేవాళ్ళం. ఉత్తరం మీద ప్లానర్ నంబర్ ఉంటుంది, రేపే ఫోన్ చేసి ఫైలు చూపించమనండి. డెవలపర్‌ని హియరింగ్‌కి ముందే కాలనీకి పిలవండి, చాలామంది వస్తారు, వాయిదా అంటే వాళ్ళకూ డబ్బు ఖర్చే. లాయర్ అవసరం ఈ దశలో రాకపోవచ్చు. కావలసినవన్నీ మాత్రం కౌన్సిల్ ఓటుకి ముందే రాయించుకోండి. ఆ తర్వాత వచ్చే ప్లాట్ దశలో (స్థలాన్ని ముక్కలుగా విడగొట్టే పటాన్ని సిటీ చూసే దశ) నియమాలకు సరిపోతే సిటీ ఆమోదించి తీరాలి, అప్పుడు మీరెంత మొత్తుకున్నా కమిషన్ చెయ్యగలిగింది ఉండదు.