ఫైళ్లు కలపడం తేలికే, వరుస దగ్గరే జాగ్రత్త

చి. రవికి బాబాయి ఆశీస్సులు.

నీ మెసేజ్ చూశాను. శాఖల నుంచి వచ్చే అమ్మకాల ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లన్నీ కలిపి తేదీల వరుసలో పెట్టాలన్నావు. ఆ పనికి వాడేది ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ, అంటే ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైళ్లను మార్చి రాసే భాష. కలపడం గురించి టెన్షన్ పడకు. తేడా వచ్చేదల్లా వరుస దగ్గరే.

ముందు నీ దగ్గరున్నది ఏ ప్రాసెసరో, అంటే నీ స్టైల్‌షీట్‌ని (ఎక్స్‌ఎస్‌ఎల్‌టీలో రాసిన ఆదేశాల ఫైలు) నడిపే ప్రోగ్రాం ఏదో చూసుకో. ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అయితే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1999 నాటి 1.0 వెర్షనే గతి. అందులో ఫోల్డరంతా ఒకేసారి చదివే వీల్లేదు. ఫైళ్ల పేర్లతో ఒక చిన్న జాబితా ఫైలు రాసుకుని, ఆ జాబితాలోని నోడ్లనే (ట్యాగులనే), వేరే ఫైలు తెరిచే డాక్యుమెంట్ ఫంక్షన్‌కి ఇవ్వు. అప్పుడు జాబితా ఉన్న ఫోల్డర్ నుంచే ఫైళ్లను వెతుకుతుంది. పేరును స్ట్రింగ్‌గా, అంటే ఉత్త అక్షరాలుగా ఇచ్చావో, స్టైల్‌షీట్ ఉన్నచోట వెతికి దొరకలేదంటుంది. సాక్సన్ అనే ప్రాసెసర్ ఉంటే ఈ గొడవ లేదు, ఫోల్డరంతా చదివే కలెక్షన్ ఫంక్షన్ చాలు.

ఇక చాలామంది బోల్తా పడే చోటు. ఒక్కో ఫైలుకీ ఫర్-ఈచ్ (ఒక్కోదాన్నీ తీసుకుని అదే పని చేసే ట్యాగు) తిప్పి, దాని లోపల సార్ట్ (వరుసలో పెట్టే ట్యాగు) పెడతారు. ఏ శాఖ బిల్లులు ఆ శాఖ వరకే సర్దుకుంటాయి, తర్వాతి ఫైలు రాగానే తేదీలు మళ్లీ మొదటికొస్తాయి. అన్ని ఫైళ్ల బిల్లులనూ ఒకే సెలెక్ట్‌లో (ఏవి తీసుకోవాలో చెప్పే చోటు) పట్టుకుని ఒక్క ఫర్-ఈచ్ తిప్పు. సార్ట్ ట్యాగు దాని లోపల అన్నిటికంటే ముందుండాలి.

మీ ఫైళ్లలో తేదీ 05-03-2024 అని ఉంటుంది కదా. అక్షరాలుగా పోలిస్తే అది 28-01-2024 కంటే ముందుకొచ్చేస్తుంది. అందుకే సబ్‌స్ట్రింగ్‌తో ముక్కలు చెయ్: ఏడో అక్షరం నుంచి నాలుగు తీస్తే సంవత్సరం, నాలుగో దాని నుంచి రెండు తీస్తే నెల, మొదటి రెండూ రోజు. ఇదే క్రమంలో మూడు సార్ట్‌లు. నాలుగోది బిల్లు నంబరుకి. దానికి డేటా-టైప్ నంబర్ అని చెప్పకపోతే 10 వచ్చి 9 ముందు కూర్చుంటుంది.

ఒకే బిల్లు రెండు ఫైళ్లలో వచ్చే అవకాశముంటే, 1.0లో కీ (విలువను బట్టి ట్యాగులను వెతికే సూచిక) ఒక డాక్యుమెంట్ దాటి చూడదని గుర్తుంచుకో. ముందు కలిపి ఒక ఫైలుగా రాయించు, డూప్లికేట్లు రెండో విడతలో ఏరెయ్యొచ్చు.

అవుట్‌పుట్ ఖాళీగా వస్తే నీ లాజిక్‌ని అనుమానించే ముందు, శాఖ నుంచి వచ్చిన ఫైలు రూట్ ట్యాగులో (అన్నిటికీ పైనుండే ట్యాగు) నేమ్‌స్పేస్, అంటే ట్యాగుల పేర్లు ఏ గుంపువో చెప్పే xmlns ఉందేమో చూడు. ఉంటే స్టైల్‌షీట్‌లో దానికో ప్రిఫిక్స్ (పేరు ముందు పెట్టే పొట్టి గుర్తు) పెట్టి, ట్యాగులను చూపే ప్రతి పాత్‌లోనూ వాడాల్సిందే.

మొదట రెండు ఫైళ్లతో నడుపు. విడివిడిగా ఎన్ని బిల్లులున్నాయో, కలిపాక ఎన్నయ్యాయో సరిచూసుకున్నాకే మేనేజర్‌కి పంపు. పిన్ని అడిగినట్టు చెప్పమంది.

ఇట్లు,
బాబాయి