తెడ్డు వేయని కాక్స్‌కి పడవలో ఏం పని? మూడేళ్ళు ఆ సీట్లో కూర్చున్నదాన్ని, చెబుతాను

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: చదువుకోవడానికి కేంబ్రిడ్జ్ వచ్చారు, ఎత్తు ఐదడుగులు, బరువు 48 కిలోలు, కాలేజీ బోట్ క్లబ్ వాళ్ళు కాక్స్‌గా రమ్మంటున్నారు. ఎనిమిది మంది తెడ్లు వేస్తుంటే తొమ్మిదో మనిషిగా ఊరికే కూర్చుని అరవడంలో ఏముంటుంది, ఒప్పుకోవాలా వద్దా అని.

ఒప్పుకోండి. నేనూ అక్కడే మూడేళ్ళు కాక్స్‌గా ఉన్నాను. మాది రాజమండ్రి. చిన్నప్పుడు శివరాత్రికి పట్టిసీమ వెళ్ళే లాంచీలో సరంగు పక్కన నిలబడి ఆయన చేతులనే చూసేదాన్ని. కాక్స్ అంటే ఆ సరంగే. కాకపోతే ఇక్కడ ఇంజను ఎనిమిది మంది మనుషులు, వాళ్ళకి చెవులుంటాయి.

తెడ్డు వేసేవాళ్ళు పడవ వెళ్ళే దిక్కుకి వీపు పెట్టి కూర్చుంటారు. ముందు వంతెన ఉందో, బాతుల గుంపు ఉందో, ఇంకో పడవ అడ్డంగా ఆగి ఉందో వాళ్ళకి తెలీదు. చూసేది మీరొక్కరే. మీకు ఎదురుగా, చెయ్యి చాపితే అందేంత దగ్గరలో ఎనిమిదో నంబర్ కూర్చుంటుంది, ఆమె లయ పట్టుకునే మిగతా ఏడుగురూ తెడ్డు వేస్తారు. మీ ఎడమ వాళ్ళకి కుడి అవుతుంది కాబట్టి పడవలో ఆ రెండు మాటలూ వాడరు. మీ ఎడమ పక్క స్ట్రోక్ సైడ్, కుడి పక్క బో సైడ్. నిద్రలో లేపి అడిగినా చెప్పేంతగా దీన్ని మొదటి వారంలోనే వంటబట్టించుకోండి.

ఎయిట్ అనే ఆ పడవ పొడవు సుమారు 18 మీటర్లు. దాన్ని తిప్పడానికి మీ చేతిలో ఉండేవి రెండు తాళ్ళు, నీళ్ళలో ఉండేది ఇంచుమించు అరచేయంత చుక్కాని. అక్కడి క్యామ్ నది చూశారుగా, మా వైపు పెద్ద పంట కాలువంత ఉంటుంది, వంపులు మాత్రం బోలెడు. తాడు లాగగానే పడవ తిరగదు. ఒకటి రెండు స్ట్రోకులు, అంటే తెడ్డు ఒకటి రెండుసార్లు వేశాక గానీ ముక్కు కదలదు. ఈలోగా కంగారుపడి ఇంకాస్త లాగారో, ఎదురు ఒడ్డుకి పోతారు. చుక్కాని తిప్పిన ప్రతిసారీ వేగం కూడా కొంత పోతుంది. అందుకే ముందుగా, కొద్దిగా, తెడ్లు నీళ్ళలో ఉన్నప్పుడే తిప్పాలి. తెడ్లు గాల్లో ఉన్నప్పుడు తిప్పితే పడవ ఒక పక్కకి ఒరుగుతుంది, ఎనిమిది మందీ ఇబ్బంది పడతారు. ఇంకోటి, పడవ నడుము దగ్గర తిరుగుతుంది, మీరు కూర్చున్న తోక బయటికి పోతుంది. ఇరుకు సందులో ఆర్టీసీ బస్సు మలుపు తిరగడం గుర్తు తెచ్చుకోండి.

అరవడం గురించి అడిగారు. అసలు విషయం అక్కడే ఉంది.

నా మొదటి డిసెంబర్‌లో ఒక టైమ్ రేసు. ముగింపు గీత వచ్చేసిందనుకుని మైకులో "చివరి పది" అన్నాను. పది స్ట్రోకులు అయిపోయాయి, గీత రాలేదు. "ఇంకో పది" అన్నాను. ఎనిమిదో నంబర్ అమ్మాయి ఒక్కసారి కళ్ళెత్తి నన్ను చూసి మళ్ళీ దించేసుకుంది. ఒంట్లో ఉన్నదంతా ఆ మొదటి పదికే పెట్టేసింది, ఇంకో పదికి ఏమీ మిగల్లేదు. రేసయ్యాక ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. కానీ తర్వాత రెండు వారాలు ప్రాక్టీసులో నేను "చివరి పది" అన్నప్పుడు పడవ వేగం పెరగలేదు. ఆ సీట్లో కూర్చుంటే అది వీపుకే తెలిసిపోతుంది. ప్రతి స్ట్రోకుకీ సీటు వెనక నుంచి వీపుని తోస్తుంది, ఆ తోపులో బలం తగ్గింది. ఎందుకైనా మంచిదని అందరూ కొంచెం దాచుకుంటున్నారు.

ఒక ఆదివారం సైకిల్ మీద ఒడ్డు పొడుగునా వెళ్ళి ఎక్కడ ఏ చెట్టుందో, ఏ బల్లుందో, ఏ ఇంటి గేటుందో పుస్తకంలో రాసుకున్నాను. ఏ గుర్తు నుంచి గీత దాకా ఎన్ని స్ట్రోకులో ప్రాక్టీసులో లెక్కపెట్టుకున్నాను. ఆ తర్వాత పది అంటే పదే. నమ్మకం తిరిగి రావడానికి ఫిబ్రవరి దాకా పట్టింది.

ఇప్పుడు కాక్స్ బాక్స్ ఉంటుంది కాబట్టి నిజానికి అరవక్కర్లేదు. తలకి మైకు, పడవ పొడుగునా స్పీకర్లు, నిమిషానికి ఎన్ని స్ట్రోకులో చూపించే చిన్న తెర. ప్రాక్టీసులో 18, 20 ఉంటుంది, రేసులో 30 దాటుతుంది. మీ గొంతు ఫోన్‌లో రికార్డు చేసుకుని సాయంత్రం వినండి. సగం మాటలు అనవసరం అనిపిస్తాయి, అవి తీసెయ్యండి. ఒక్కసారిగా బలం పెంచమనడానికి ఒక్కో జట్టూ సొంత మాట ఒకటి పెట్టుకుంటుంది. మా మాట "పద". ఓసారి తొందరలో తెలుగు నోట్లోంచి వచ్చేసింది. ఎనిమిది మందిని పట్టుకుని "పదండి" అనాలి, కానీ ఒక్క దెబ్బలో పలికేది "పద" ఒక్కటే. వాళ్ళకి భలే నచ్చింది. పక్క పడవ వాళ్ళకి అర్థం కాదు కూడా.

ఫిబ్రవరి, మార్చిలో జరిగే లెంట్ బంప్స్ అనే కాలేజీల పోటీకి మిమ్మల్ని పెడతారు. నది ఇరుకు కాబట్టి పక్కపక్కన పోటీ కుదరదు. పడవలన్నీ ఒకదాని వెనక ఒకటి, పడవన్నర దూరంలో నిలబడతాయి. ముందున్నదాన్ని తరిమి తాకాలి. తాకితే మర్నాడు వాళ్ళ చోటు మీది. అలా నాలుగు రోజులు. ఫిరంగి నాలుగు నిమిషాల ముందొకసారి, నిమిషం ముందొకసారి పేలుతుంది. ఒడ్డుకి కట్టిన గొలుసు కొస మీ చేతిలోనే ఉంటుంది, మూడో ఫిరంగికి వదిలెయ్యాలి.

మాకు మూడో రోజు గ్రాసీ కార్నర్‌లో ముందు పడవ అందింది. వాళ్ళు వంపులో బాగా బయటికి పోయారు. నేను లోపలి ఒడ్డు పట్టుకుని, బయటి పక్క నలుగురినీ గట్టిగా లాగమని "పద" అన్నాను. ఒడ్డు మీద మావాళ్ళ ఈల ఆగకుండా మోగుతోంది, అంటే బాగా దగ్గరికి వచ్చేశామని. వాళ్ళ తోక పక్కకి మా ముక్కు చేరింది, ఆ కాక్స్ చెయ్యి పైకెత్తింది. అంటే ఒప్పుకున్నట్టు. మా ఎనిమిది మందికీ ఇదేదీ కనబడదు, ఇంకా ప్రాణం పెట్టి లాగుతూనే ఉన్నారు. గెలిచామన్న కబురు వాళ్ళకి నా నోటితో చెప్పాలి, అదే ఊపిరిలో పడవ ఆపించాలి. లేకపోతే మా ముక్కు వాళ్ళ మనుషుల మీదికి పోతుంది. పడవ ముక్కుకి తెల్ల రబ్బరు బంతి ఉండేది అందుకే. "హోల్డ్ ఇట్ అప్" అన్నాను. ఎనిమిది తెడ్లూ ఒక్కసారి నీళ్ళలో బిగుసుకున్నాయి. ఎందుకని ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. ఆ క్షణం కోసం ఆ మూడేళ్ళూ ఎన్నిసార్లయినా చలిలో లేస్తాను.

కాక్స్‌ని సామానులా చూసేవాళ్ళూ తగులుతారు. 1900 పారిస్ ఒలింపిక్స్‌లో ఇద్దరు తెడ్డు వేసే పడవలో డచ్ వాళ్ళు తమ కాక్స్ బరువెక్కువని అతన్ని దించేసి అక్కడి పిల్లాడినొకణ్ణి కూర్చోబెట్టి గెలిచారు. ఆ పిల్లాడి పేరు ఎవరూ రాసి ఉంచలేదు, నాకు ఇప్పటికీ బాధనిపిస్తుంది. తర్వాత కాలం మారింది. 1981లో ఆక్స్‌ఫర్డ్‌కి కాక్స్‌గా సూ బ్రౌన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల మధ్య జరిగే బోట్ రేస్‌లో పాల్గొన్న తొలి మహిళ అయింది, గెలిపించింది. మన దేశం 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్‌లో పురుషుల ఎయిట్‌లో వెండి గెలిచినప్పుడు కాక్స్ ధనంజయ్ ఉత్తమ్ పాండే మెడలోనూ అదే పతకం పడింది.

బరువు గురించి ఒక్కటి గట్టిగా చెబుతాను. తేలిగ్గా ఉండాలని తిండి మానకండి. అంతర్జాతీయ పోటీల్లో కాక్స్‌కి కనీసం 55 కిలోలు ఉండాలి, తక్కువైతే ఆ తేడాకి పడవలో బరువు పెడతారు. మీ 48తో మీరు ఇంకా తగ్గి సాధించేది ఏమీ లేదు.

నలుగురు తెడ్లు వేసే కొన్ని ఫోర్ పడవల్లో కాక్స్ ముందు భాగంలో పడుకుని నడపాలి. వాటిలో దానంతటదే ఉబ్బే లైఫ్ జాకెట్ వేసుకోకండి, పడవ తిరగబడితే లోపలే ఇరుక్కుపోతారు. వేరే రకం ఇమ్మని అడగండి.

తెల్లవారుజామున వాళ్ళకి చెమట పడుతుంది, మీకు కదలిక ఉండదు కాబట్టి చలి ఎముకల్లోకి పోతుంది. థర్మల్స్ రెండు జతలు, సాక్సు రెండు జతలు, తాళ్ళు తెలిసేలా పల్చటి గ్లౌజులు. మొదటి రోజు పడవ నీళ్ళలోకి దించకముందే ఎనిమిది మంది పేర్లూ సీటు నంబర్లతో సహా అడిగి రాసుకోండి.