కొత్త జాతి అని రాసే ముందు

అమ్మాయీ, ఆశీస్సులు.

అంటార్కిటికా ఆల్చిప్పల డీఎన్ఏ మీద పని మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. చూడటానికి అచ్చం ఒకేలా ఉన్న గుల్లల్లో వేరు వేరు జాతులు దాగి ఉండటం అక్కడ తరచూ బయటపడుతోంది. ఆ ఉత్సాహంలో తొందరపడతావేమోనని ఈ ఉత్తరం.

ముందు ఆ జీవి పిల్లల్ని ఎలా కంటుందో తెలుసుకో. లిస్సార్కా నోటోర్కాడెన్సిస్ అనే బుల్లి ఆల్చిప్ప పిల్లల్ని తన గుల్లలోనే సాకుతుంది. నీళ్లలో తేలుతూ దూరం పోయే లార్వా, అంటే గుడ్డులోంచి వచ్చే పసి రూపం, దానికి లేదు. అందుకే ఒక దీవి దగ్గరివి ఇంకో దీవి దగ్గరివాటితో కలవడం కష్టం. అంటార్కిటికా దగ్గరి స్కోషియా సముద్రం, ఆ చుట్టుపక్కల దొరికిన వాటి జన్యువుల మీద 2007లో వచ్చిన పరిశోధన, ఆ ఒక్క పేరు కింద ఒకటికి మించి జాతులు ఉండవచ్చని చూపింది.

నసెల్లా కాన్సిన్నా అనే నత్త సంగతి వేరు. దాని లార్వాలు నీటితో పాటు కొట్టుకుపోతాయి. ఒడ్డున రాళ్ల మీద ఉండేవాటి గుల్ల ఎత్తుగా, లోతులో ఉండేవాటిది చదునుగా ఉంటుంది. చూస్తే రెండు రకాలనే అనుకుంటాం. 2010లో డీఎన్ఏ పోల్చి చూస్తే వాటి మధ్య తేడా ఏమీ కనబడలేదు. కాబట్టి గుల్ల ఒక్కటే చూసి నిర్ణయానికి రావద్దు.

అలాగని కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోని జన్యువు ఒక్కదాన్నీ నమ్ముకోకు. ఆర్కిటిక్‌లోని మసెల్స్ అనే ఆల్చిప్పలు కూడా చూస్తానన్నావు కదా, అక్కడ ఇంకా జాగ్రత్త. మసెల్స్‌లో మగవాటికి తండ్రి నుంచి కూడా మైటోకాండ్రియా వస్తుంది, వీర్యంలో ఉండేది అదే. తల్లి వైపు దానికీ దీనికీ ఉన్న తేడా రెండు జాతుల మధ్య తేడా అంత పెద్దది. ఒక మగదాంట్లో వీర్యం తయారయ్యే బీజకోశం, ఇంకోదాంట్లో పాదం కోసి పోల్చావంటే లేని జాతి పుట్టుకొస్తుంది. అన్నిటికీ పాదం కండే తీసుకో. కణ కేంద్రకంలోని జన్యువులు కూడా అదే మాట చెబితేనే ముందుకు వెళ్లు.

నమూనాలు నిల్వ చేయడానికి ఫార్మలిన్ జోలికి పోవద్దు, డీఎన్ఏ పాడవుతుంది. గట్టి ఇథనాల్ వాడు. ఆల్చిప్ప బిగుసుకుని ఉంటే ఇథనాల్ లోపలికి పోదు, గుల్ల కాస్త తెరిచి వెయ్యి. మర్నాడు ఇథనాల్ మార్చు. గుల్లలు మాత్రం పారెయ్యకు, పేరు పెట్టేటప్పుడు అవే కావాలి.

ఆ జీవి ఉండే ప్రాంతానికి రెండు కొసల్లో మాత్రమే సేకరించి మధ్య వదిలేస్తే, మెల్లగా మారుతూ వచ్చిన తేడా కూడా రెండు జాతుల మధ్య గోడలా కనిపిస్తుంది. నమూనాలు ఎక్కడెక్కడ తీశారో పట్టిక తయారవగానే పంపు. ఖాళీలు ఎక్కడున్నాయో కూర్చుని చూద్దాం.