దీర్ఘచతురస్రం చతురస్రం కాదా?

సందేహం: చతురస్రం అంటే నాలుగు మూలలది అని అర్థమైనప్పుడు, దీర్ఘచతురస్రాన్ని చతురస్రం అనకూడదని ఎందుకంటారని ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి అడిగింది. త్రిభుజం, త్రికోణం ఒకటేనా? 'మూల' అని రాస్తే 'కోణం' అని దిద్దడం సబబేనా? ఖిలా వరంగల్ కీర్తితోరణాలు 'నాలుగు మూలలా' ఉన్నాయన్న వాక్యానికి కూడా ఆమెకు మార్కు తగ్గించారు. – ఒక పాఠకుడు, హనుమకొండ

సమాధానం: మీ అమ్మాయి తర్కంలో తప్పు లేదు. అస్రం అంటే మూల. కనుక వ్యుత్పత్తిని బట్టి నాలుగు మూలల ఆకారమేదైనా చతురస్రమే. యజ్ఞవేదికల కొలతలు చెప్పే శుల్బసూత్రాలలో భుజాలన్నీ సమానమైనది సమచతురశ్రం, ఒక వైపు సాగినది దీర్ఘచతురశ్రం. మన పాఠాలలో మొదటిదానికి 'సమ' జారిపోయి, రెండోదానికి 'దీర్ఘ' మిగిలిపోవడంతో, ఉత్త చతురస్రం అనే మాట సమభుజాలున్నదానికే రూఢి అయింది. బురదలో పుట్టేవి ఎన్ని ఉన్నా పంకజమంటే తామరే అయినట్టు, ఇదీ యోగరూఢమే. తమాషా ఏమిటంటే, మాటను బట్టి చూస్తే దీర్ఘచతురస్రం చతురస్రంలో ఒక రకం కాగా, గణితంలో వరస తలకిందులవుతుంది: నాలుగూ లంబకోణాలైన చతుర్భుజం దీర్ఘచతురస్రం, దానికి భుజాలు కూడా సమానమైతే చతురస్రం. అంటే ప్రతి చతురస్రమూ దీర్ఘచతురస్రమే. పిల్లలు తికమకపడేది ఇక్కడే, అది వాళ్ల తప్పు కాదు.

'శ'కారమా, 'స'కారమా అన్న అనుమానం కూడా వస్తుంది కాబట్టి చెబుతున్నాను, రెండూ సాధువులే. పాఠ్యపుస్తకాలలో చతురస్రం స్థిరపడింది; సంగీతంలో నాలుగక్షరాల జాతి చతురశ్రం, మూడక్షరాలది త్ర్యశ్రం నుంచి వచ్చిన తిశ్రం.

త్రిభుజం భుజాలను లెక్కపెట్టిన పేరు, త్రికోణం కోణాలను లెక్కపెట్టిన పేరు, ఆకారం ఒక్కటే. బడిలో మొదటిది నిలిచినా, పై తరగతుల శాస్త్రాన్ని త్రికోణమితి అంటామే తప్ప త్రిభుజమితి అనము.

ఇక మూల, కోణం. మూల ఒక చోటు, కోణం ఒక కొలత. చీపురును గది మూలన పెడతాం, కోణంలో పెట్టం. త్రిభుజంలో మూడు కోణాల మొత్తం 180 డిగ్రీలు అంటాం, మూడు మూలల మొత్తం అనము. రెండు భుజాలు కలిసే బిందువును చెప్పాలంటే గణితంలో శీర్షం అనే వేరే మాటే ఉంది. కాబట్టి కొలత చెప్పే చోట దిద్దితే సబబే, చోటు చెప్పే చోట దిద్దితే అనవసరం. గోడలు కలిసే చోట మేస్త్రీ పట్టే పనిముట్టు మూలమట్టం. ఇందులోని మూల అచ్చతెలుగు మాట, వర్గమూలంలోని సంస్కృత మూలంతో దీనికి సంబంధం లేదు. ఆ పనిముట్టునే ఉర్దూ పలుకుబడి ఉన్న మేస్త్రీలు గునియా అంటారు. అది పారసీకం మీదుగా వచ్చిన గ్రీకు మాట 'గోనియా'. మన కోణం కూడా ఆ గ్రీకు మాటకు చుట్టమేనని పలువురు పండితుల అభిప్రాయం; అదే నిజమైతే, బడిలో పంతులు చెప్పే కోణమూ మేస్త్రీ చేతిలోని గునియా ఒక ఇంటివే అన్నమాట. మూలమట్టం దగ్గర లేకపోతే మేస్త్రీ ఒక గోడ వెంట 3 అడుగులు, రెండో గోడ వెంట 4 అడుగులు గుర్తుపెట్టి, ఆ రెండు గుర్తుల మధ్య దారం 5 అడుగులు వస్తే మూల సరిపోయిందంటాడు. కోణం సరిపోయిందని అనడు, అనవలసిన పనీ లేదు.

తోరణాల విషయంలో మాత్రం మార్కు తగ్గించినవారిదే ఒప్పు. 'నాలుగు మూలల నుంచి జనం వచ్చారు' అన్నప్పుడు మూల అంటే అన్ని వైపులా అని వదులుగా చెల్లుతుంది. కానీ ఒక స్థలాన్ని వర్ణించేటప్పుడు మూలలంటే ఈశాన్యం, ఆగ్నేయం, నైరుతి, వాయవ్యం. ఓరుగల్లు కోట నడుమ శివాలయ ప్రాంగణానికి తోరణాలు నిలిచింది తూర్పు, పడమర, ఉత్తరం, దక్షిణాలలో. అందుచేత 'నాలుగు దిక్కులా' అనే రాయాలి.