మావాడు పైలట్ అయితే ఎండకు తట్టుకుంటాడా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. పైలట్ అవుతానని పట్టుబట్టాడు. భోగాపురం విమానాశ్రయంతో ఉద్యోగం దగ్గర్లోనే దొరుకుతుందని బంధువులంటున్నారు. కానీ మే ఎండకే వాడికి తలనొప్పి. ఆ వేడిలో పనిచేయగలడా? ఇంజినీరింగ్ మేలా, ఇదా? కొబ్బరితోట అమ్మేద్దామనుకుంటున్నాం.

జవాబు: ఎండ గురించి అంత భయం అక్కర్లేదు. విమాన సంస్థలో చేరాక వేడి నేరుగా తగిలేది కాసేపే. బయలుదేరే ముందు పైలట్లలో ఒకరు కిందకు దిగి విమానం చుట్టూ తిరిగి చక్రాలు, ఇంజిన్లు, రెక్కలు చూసుకోవాలి. మే నెలలో ఆ కాంక్రీటు సెగ మామూలుగా ఉండదు. తర్వాతంతా ఏసీ కాక్‌పిట్టే. పైన గాలి బాగా పొడిగా ఉంటుంది, నీళ్లు తాగుతూ ఉండాలి.

వేసవిలో అసలు పని లెక్కల్లో ఉంటుంది. వేడికి గాలి పల్చబడి రెక్కలకు ఎత్తే బలం, ఇంజిన్లకు నెట్టే బలం తగ్గుతాయి. రన్‌వే మీద ఎక్కువ దూరం పరుగెత్తాలి, చాలకపోతే బరువు తగ్గించాలి. 2017 జూన్‌లో అమెరికాలోని ఫీనిక్స్‌లో ఎండ 48 డిగ్రీల దాకా పోతే చిన్న జెట్ విమానాలు కొన్ని రద్దయ్యాయి. మన వైపు వేసవి సాయంత్రాలు కమ్ముకొచ్చే ఉరుముల మేఘాలను రాడార్‌లో చూసి తప్పుకుపోవాలి, దిగడం కుదరకపోతే ఇంకో ఊరికి మళ్లాలి. ఇవన్నీ నేర్పిస్తారు, మీవాడు నేర్చుకుంటాడు. ఎండ బాగా తెలిసేది శిక్షణలోనే. ఆ చిన్న విమానాల్లో చాలావాటికి ఏసీ ఉండదు, మధ్యాహ్నం వేడిగాలికి ఎగిరెగిరి పడతాయి.

నా బెంగ నిద్ర గురించి. తెల్లవారుజామున నాలుగింటికి డ్యూటీ అంటే రెండింటికే లేవాలి. మరో వారం రాత్రి డ్యూటీ. ఒక్కరోజులో మూడు నాలుగు సార్లు ఎక్కి దిగడం. సంక్రాంతికి ఇంటికొస్తాడన్న నమ్మకం లేదు. వారానికి 48 గంటల విశ్రాంతి ఇవ్వాలని పౌర విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ నిబంధన పెట్టాల్సి వచ్చిందంటే అలసట ఎంతో ఊహించండి. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ వైద్య పరీక్ష నెగ్గుతూనే ఉండాలి. యూనిఫాం ఫొటోలు చూసి మోజుపడే పిల్లలకు ఇవెవరూ చెప్పరు. ఇక భోగాపురం మాట వదిలేయండి. పైలట్ ఏ నగరంలో ఉండాలో కంపెనీ నిర్ణయిస్తుంది.

తోట విషయంలో కటువుగానే చెప్తాను. పిల్లాడి కళ్లు, చెవులు, గుండె ఎలా ఉన్నాయో తెలియకుండానే తోట బేరం పెట్టడమేమిటండీ? శిక్షణకు అరకోటి పైమాటే. లైసెన్స్ చేతికొచ్చిన మర్నాడే ఉద్యోగం రాదు, ఏళ్లు ఎదురుచూసేవాళ్లున్నారు. ఒక్కో రకం విమానం నడపడానికి విడిగా తీసుకోవాల్సిన శిక్షణ, అర్హత (టైప్ రేటింగ్) ఖర్చు వేరే. ముందు డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2, తర్వాత క్లాస్ 1 వైద్య పరీక్షలు చేయించండి. ఆ తలనొప్పి సంగతి దాచకండి. మైగ్రేన్ అయితే పైలట్‌కు అది పెద్ద విషయం. అన్నీ నెగ్గినా, ఉన్న ఒక్క ఆధారం అమ్మడానికి నేను ఒప్పుకోను. రేపు మీ గతేమిటి?

ఇంజినీరింగ్‌తో పోటీ పెట్టాల్సిన అవసరమే లేదు. బీటెక్ ముగించి 22 ఏళ్లకు శిక్షణలో చేరినా ఆలస్యమేం కాదు, ఈలోగా డబ్బుకూ దారి చూసుకోవచ్చు. టెన్షన్ పడకండి. పైలట్ అవుతాను కాబట్టి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) రాయనంటే మాత్రం ఒప్పుకోకండి.