అంచున రాసిన ఆ రెండు వాక్యాలు

అమ్మాయీ,

ఇద్దరు స్నేహితురాళ్ల ఉత్తరాలతోనే నడిపిన నీ కథ చదివాను. మూడో ఉత్తరం దగ్గరే చిరాకేసింది. "నీకు తెలుసుగా, మీ నాన్న పోయేనాటికి నీకు పన్నెండేళ్లు, మనిద్దరం ఒకే బెంచీలో కూర్చునేవాళ్లం" అని రాయించావు. తెలిసిన సంగతి తెలిసిన మనిషికి ఎవరైనా అలా రాస్తారా? అది ఆమె స్నేహితురాలికి రాసింది కాదు, నువ్వు పాఠకుడికి చెప్పింది. ఉత్తరం ఒక్క మనిషి కోసం రాసేది. మనం పక్కనుంచి తొంగి చూస్తున్నవాళ్లం. సగం అర్థం కాకపోతే కాకపోనీ.

నా మొదటి ఉత్తరాల కథను ఒక సంపాదకుడు ఇందుకే తిప్పి పంపాడు. ముందు ఒక పేరా వివరణ పెడితే వేసుకుంటానన్నాడు. పెట్టలేదు. ఆ కథ ఏళ్ల తరబడి పెట్టెలో పడి ఉంది. చివరికి ఇంకోచోట అచ్చయింది. అర్థం కాలేదని ఒక్కరూ అనలేదు. పాఠకుడి తెలివి మీద సంపాదకులకున్నంత అపనమ్మకం ఇంకెవరికీ లేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

కథల పోటీలు పెరిగాక చివర్లో మలుపు లేనిదే కథ కాదనుకుంటున్నారు. నువ్వూ ఆ దారే పట్టావు. స్నేహితురాలు ఎప్పుడో చనిపోయిందట, జవాబులన్నీ కూతురే రాసిందట. ముప్ఫై ఏళ్లుగా ఉత్తరాలు అందుకున్న మనిషి రెండో ఉత్తరానికే పసిగట్టేస్తుంది. ఏ మాట దగ్గర తను అలుగుతుందో, ఏ సంగతి ఎత్తకూడదో కూతురికి ఎలా తెలుస్తుంది?

నిజంగా జరిగినవి చూడు. తర్వాత వంటల పుస్తకాలతో పేరుపొందిన అమెరికన్ రచయిత్రి జూలియా చైల్డ్ 1952లో వంటింటి కత్తుల మీద వచ్చిన ఒక వ్యాసం చదివి, పారిస్ నుంచి ఆ రచయితకు ఉత్తరం రాసి, ఒక చిన్న కత్తి కూడా పంపింది. జవాబు ఆయన భార్య ఏవిస్ డెవోటో రాసింది. వాళ్లిద్దరూ ఎదురెదురుగా కలుసుకున్నది 1954లో. అప్పటికే ప్రాణస్నేహితులు. కత్తితో మొదలైన స్నేహం! తత్వవేత్త హన్నా ఆరెంట్, నవలా రచయిత్రి మేరీ మెకార్తీ అయితే పరిచయమైన కొత్తలోనే ఒక మాట దగ్గర చెడి, కొన్నేళ్లు మాట్లాడుకోలేదు. తర్వాత 1949 నుంచి 1975లో ఆరెంట్ చనిపోయేదాకా రాసుకున్నారు. ఆరెంట్ అసంపూర్తిగా వదిలిన పుస్తకాన్ని మెకార్తీయే పరిష్కరించి అచ్చువేయించింది. ఇందులో ఏ మలుపు కావాలి నీకు?

నాకూ ఒక స్నేహితురాలుంది. ఒకసారి బాగా గొడవపడి రాయడం మానేశాం. చాలాకాలానికి ఒక కవరు వచ్చింది. గొడవ ఊసే లేదు. స్వెటర్ మెడ దగ్గర కుట్లు ఎలా తగ్గించాలో అడిగింది, అంతే. ఆ రాత్రే కూర్చుని బొమ్మ గీసి మరీ జవాబు రాశాను.

నీ ఐదో ఉత్తరంలో కాగితం అయిపోయి, అంచున నిలువుగా రాసిన రెండు వాక్యాలున్నాయి చూడు: "డాక్టరు మళ్లీ రమ్మన్నాడు. నువ్వేం కంగారు పడకు." అక్కడ నాకు కళ్లు చెమర్చాయి. పేజీ నిండా కబుర్లు చెప్పి, చెప్పాల్సింది చోటులేని చోట రాసింది. అది నువ్వు కష్టపడి కల్పించింది కాదు, ఆ మనిషి నీకు తెలుసు. కానీ ఆరో ఉత్తరంలో అవతలామె చేత రెండు పేజీల ఓదార్పు రాయించావు. అది మొత్తం తీసెయ్. మామూలు కబుర్లే రాయనీ. మధ్యలో ఎక్కడో "డాక్టరు ఏమన్నాడు?" అని ఒక్కసారి అడగనీ. ఏడో ఉత్తరంలో దానికి జవాబు ఇవ్వకు.

మలుపు తీసేసి తిరగరాసి పంపు. టైపు చేసే ముందు ఒక్కో ఉత్తరాన్నీ చేత్తో కాగితం మీద రాసి చూసుకో.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు మనిషి