మూడో అర్జీ రాసేముందు 50 మీటర్ల టేపు పట్టుకుని వీధిలోకి వెళ్ళండి

మీ ప్రశ్న ఇది: మా వీధిలో బళ్ళు విపరీతమైన వేగంతో పోతున్నాయి, పిల్లలూ పెద్దవాళ్ళూ రోడ్డు దాటలేకపోతున్నారు, రెండుసార్లు సంతకాలు చేయించి అర్జీ ఇచ్చినా కదలిక లేదు, ఇప్పుడేం చెయ్యాలి?

అర్జీలో "వేగాన్ని అదుపు చెయ్యండి, స్పీడ్ బ్రేకర్ వెయ్యండి" అని మాత్రమే రాసి ఉంటే, అది కదలకపోవడంలో వింతేమీ లేదు. ఎక్కడ, ఏ వేళలో, ఎంత వేగం, ఎవరు ఇబ్బంది పడుతున్నారు అన్నవి లేకపోతే ఇంజనీరు దాన్ని పట్టుకుని చేయగలిగింది ఏమీ ఉండదు. వందల సంతకాలకన్నా నాలుగు సరైన అంకెలు ఎక్కువ పని చేస్తాయి. ఒక రెండు వారాలు కొలతలకి కేటాయించండి.

వేగం కొలవడానికి రాడార్ గన్ అక్కర్లేదు. రోడ్డు అంచున టేపుతో సరిగ్గా 50 మీటర్లు కొలిచి, రెండు చివర్లా సుద్దతో గీత గీయండి. బండి ముందు చక్రం మొదటి గీత నుంచి రెండో గీత చేరడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 180ని ఆ సెకన్లతో భాగిస్తే గంటకి ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 6 సెకన్లయితే 30, 4.5 అయితే 40, 3.6 అయితే 50. స్టాప్‌వాచ్ నొక్కడంలో చెయ్యి కాస్త అటూఇటూ అయినా లెక్క మారుతుంది కాబట్టి, రెండు గీతలూ కనిపించేలా పై అంతస్తు నుంచి ఫోన్‌లో వీడియో తీసి, తర్వాత ఫ్రేములు లెక్కపెట్టడం మేలు. సెకనుకి 30 ఫ్రేముల వీడియోలో 108 ఫ్రేములు పడితే ఆ బండి వేగం 50.

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గీత దగ్గర ఫోన్ ఎత్తిపట్టుకుని నిలబడితే పోలీసులనుకుని అందరూ నెమ్మదిస్తారు, కాబట్టి కనపడకుండా ఉండండి. దూసుకొచ్చిన బళ్ళనే ఏరుకుని లెక్క వేస్తే ఆఫీసులో అడిగే మొదటి ప్రశ్నకే దొరికిపోతారు. ముందు మరో బండి అడ్డం లేకుండా స్వేచ్ఛగా వచ్చే ప్రతి బండినీ వరసగా తీసుకోండి. 100 బళ్ళు చాలు. వేగాల్ని తక్కువ నుంచి ఎక్కువకి పేర్చితే 85వ స్థానంలో ఉన్న అంకెనే ట్రాఫిక్ ఇంజనీర్లు చూస్తారు. సగటు రాస్తే అసలు ప్రమాదం దాని వెనక దాక్కుంటుంది. బళ్ళు కిక్కిరిసి ఉండే వేళలో కొలిస్తే వీధి సాధువులా కనిపిస్తుంది. మధ్యాహ్నం, రాత్రి కూడా కొలవండి.

"30కీ 50కీ పెద్ద తేడా ఏముంది" అని తప్పకుండా అంటారు. డ్రైవరు స్పందించడానికి ఒక సెకను పడుతుందనీ, పొడి రోడ్డు మీద బ్రేకు గట్టిగా పడుతుందనీ అనుకుందాం. 30లో వచ్చే కారు సుమారు 13 మీటర్లలో పూర్తిగా ఆగిపోతుంది. 50లో వచ్చే కారు ఆ ఒక్క సెకనులోనే దాదాపు 14 మీటర్లు వచ్చేస్తుంది. అంటే మొదటి కారు ఆగిన చోట రెండోదానికి ఇంకా బ్రేకే పడలేదు. 13 మీటర్ల దూరంలో ఒక పిల్ల రోడ్డు మీద అడుగు పెట్టిందనుకోండి, ఇక చెప్పేదేముంది. 30 పరిమితి ఎవరో కొత్తగా కోరుతున్న వింత కూడా కాదు. ఆస్ట్రియాలోని గ్రాట్స్ నగరం 1992లోనే ప్రధాన రోడ్లు తప్ప వీధులన్నిటికీ 30 పెట్టింది. జనం, బళ్ళు కలిసి తిరిగే చోట 30 ఉండాలని, రోడ్డు భద్రత మీద జరిగిన ప్రపంచ దేశాల మంత్రుల సమావేశం చేసిన 2020 స్టాక్‌హోమ్ డిక్లరేషన్ కూడా చెప్పింది.

వేగం తర్వాత చూపు. మూల మీద మోకాళ్ళ మీద కూర్చుని, కంటిని నేల నుంచి ఒక మీటరు ఎత్తుకి తెచ్చి ఫోటో తీయండి. చిన్నపిల్లలకి కనిపించే రోడ్డు అది. మూలకి ఆనించి ఒక వ్యాన్ ఆపి ఉంటే ఆ ఫోటోలో రోడ్డే ఉండదు, వ్యాన్ తలుపు మాత్రమే ఉంటుంది. డ్రైవరుకి కూడా పిల్ల కనపడదు. క్రాసింగ్‌కి ముందు కనీసం 6 మీటర్లు పార్కింగ్ లేకుండా చెయ్యమని అడగండి. ఇది అన్నిటికన్నా చవకైన పని. అమెరికాలోని హోబోకెన్ పట్టణం మూలల్ని ఇలా ఖాళీ చేయడం మీద బాగా దృష్టి పెట్టింది. అయితే పెయింటు గీత ఒక్కటే వేస్తే వారంలో మళ్ళీ బళ్ళు ఆపుతారు. స్తంభాలో, సైకిల్ స్టాండో పెట్టించాలి.

స్పీడ్ బ్రేకర్ గురించి జాగ్రత్త. అడుగు వెడల్పుతో నిటారుగా ఉండే దిమ్మ టూవీలర్లని పడేస్తుంది, అంబులెన్సులో ఉన్నవాళ్ళకి నరకం చూపిస్తుంది, రాత్రంతా ఆ ఇళ్ళవాళ్ళని నిద్రపోనివ్వదు. మీరు అడగాల్సింది బండి వెళ్ళే దిశలో సుమారు 3.7 మీటర్ల పొడవు, 7.5 నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న గుండ్రటి హంప్. ఒక్కటి వేస్తే దాన్ని దాటగానే మళ్ళీ వేగం అందుకుంటారు, 80-100 మీటర్లకొకటి ఉండాలి. నీళ్ళు పోవడానికని అంచున సందు వదిలితే టూవీలర్లు అందులోంచే, అంటే సరిగ్గా నడిచేవాళ్ళ మీదుగానే దూరతాయి. అక్కడ ఒక స్తంభం పాతించండి.

రెండేసి లేన్లున్న రోడ్డు మీద జీబ్రా గీతలు ఒక్కటే వేయించుకుని సంతోషపడొద్దు. దగ్గరి లేన్‌లో కారు దయతలచి ఆగుతుంది, దాని చాటు నుంచి మనిషి బయటికి రాగానే పక్క లేన్‌లో వచ్చేది గుద్దేస్తుంది. అలాంటి చోట బళ్ళు ఆగే గీత క్రాసింగ్‌కి చాలా ముందే ఉండాలి, రోడ్డు నడుమ కనీసం 2 మీటర్ల వెడల్పుతో దీవిలాంటి అరుగు ఉండాలి. వీల్‌చెయిర్‌నీ తోసేవాళ్ళనీ కలిపి నిలబెట్టగల వెడల్పు అది. సిగ్నలుంటే నడిచేవాళ్ళకి పచ్చలైటు ఎన్ని సెకన్లో చూడండి. 14 మీటర్ల రోడ్డుని సెకనుకి 1.2 మీటర్ల నడకతో దాటడానికి 12 సెకన్లు కావాలి. కర్ర పట్టుకుని 0.8తో నడిచేవాళ్ళకి 17.5.

మలుపు దగ్గర ఫుట్‌పాత్‌ని రోడ్డులోకి కొంచెం ముందుకు జరిపితే దాటే దూరమూ తగ్గుతుంది, బండి తిరిగే వేగమూ తగ్గుతుంది. దీనికి రెండు అభ్యంతరాలొస్తాయి, రెండూ న్యాయమైనవే. ఫైరింజను తిరగదంటారు, వాననీళ్ళు నిలుస్తాయంటారు. మొదటిదానికి జవాబు మాటల్లో వద్దు. అనుమతి తీసుకుని సుద్దతో ఆకారం గీసి, కోన్లు పెట్టి, ఫైర్ స్టేషన్ వాళ్ళని బండితో రమ్మనండి. తగిలిన కోన్‌ని అక్కడే వెనక్కి జరపండి. రెండోదానికి, గట్టి వానలో నీళ్ళు ఏ అంచు వెంట పోతున్నాయో వీడియో తీసి జతచెయ్యండి, డిజైన్ చేసేవాళ్ళకి అది బంగారం. పార్కింగ్ పోతుందని షాపులవాళ్ళు అడ్డుపడతారు కాబట్టి మీటింగుకి ముందే ఒక్కొక్కరితో కూర్చోండి. సరుకు దింపుకోడానికి వేళలు రాసి ఇస్తే చాలామంది మెత్తబడతారు.

పోలీసు రికార్డులో ప్రమాదాల్లేవు అంటే కంగారు పడొద్దు. తృటిలో తప్పినవి, గీరుకుపోయినవి అందులో ఎక్కవు. తేదీ, టైము, సరిగ్గా ఏ చోటు, ఏం జరిగింది అని నాలుగు గడులతో ఒక పుస్తకం పెట్టి, నెల తర్వాత వాటిని మ్యాప్ మీద చుక్కలుగా పెట్టండి. చుక్కలు ఒకే మూలలో గుమిగూడతాయి. అర్జీ ఆ మూల ఒక్కదాని గురించే, ఒకే పేజీలో రాయండి: మ్యాపు, 85వ అంకె, పిల్లల కంటి ఎత్తు ఫోటో, అడుగుతున్న పని. దాన్ని చేతికిచ్చి రాకండి, రసీదు నంబరు తీసుకోండి. ఇంజనీరుని స్కూలు వదిలే వేళకి ఆ మూలకి పిలవండి.

పని పూర్తయ్యాక మూడు నెలలకి అవే గీతల మధ్య, అదే వేళకి మళ్ళీ 100 బళ్ళు కొలవండి. 85వ అంకె దిగకపోతే, హంపుల మధ్య దూరమో ఎత్తో ప్లాన్‌లో ఉన్నట్టు వేశారో లేదో అదే టేపుతో చూసి రెండో పేజీ రాయండి.